లైసెన్సు పోయాక కూడా మళ్లీ మళ్లీ బండి ఎందుకు నడుపుతారు?

#1 కొత్తచిగురు

ప్రమాద వార్తలు చదివేటప్పుడు ఒక మాట పదే పదే కనబడుతోంది. వార్తంతా అయిపోయాక ఎక్కడో చివర్లో "బండి నడిపిన వ్యక్తి లైసెన్సు ఇదివరకే రద్దయింది" అని ఉంటుంది. కొన్నిసార్లు "గతంలోనూ ఇదే నేరం కింద పట్టుబడ్డాడు" అని కూడా ఉంటుంది.

ఒకసారి నడిపాడంటే అవసరమో మొండితనమో అనుకోవచ్చు. కోర్టు వద్దన్నాక, పట్టుబడి జరిమానా కట్టాక, కొందరైతే జైలుకి వెళ్లొచ్చాక కూడా మళ్లీ స్టీరింగ్ పట్టుకోవడమే నాకు అంతుపట్టడం లేదు. భయం ఉండదా? ఇంట్లోవాళ్లు ఆపరా? శిక్షలు చాలడం లేదా? ఈ విషయాన్ని దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

#2 గేరుబాక్సు

డ్రైవింగ్ నేర్పడం నా వృత్తి. లైసెన్సు పోగొట్టుకుని, గడువు తీరాక మళ్లీ పరీక్షకి సిద్ధమయ్యేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. బండి ఎక్కించిన మొదటి రోజే తెలిసిపోతుంది, వీళ్ల చెయ్యి మధ్యలో ఆగిందా లేదా అని. నిజంగా ఏళ్ల తరబడి నడపనివాళ్లు క్లచ్ దగ్గర తడబడతారు. చాలామంది తడబడరు.

చనువు పెరిగాక వాళ్లే చెబుతారు. నిషేధం పడిన తర్వాత మొదటిసారి బండి తీసిన రోజు గుండె దడదడలాడిందట. సందుల్లోంచి నెమ్మదిగా వెళ్లి, నెమ్మదిగా తిరిగొచ్చారు. ఏమీ కాలేదు. రెండోసారీ ఏమీ కాలేదు. కొన్నాళ్లకి పెద్ద రోడ్డెక్కారు. ఇంకొన్నాళ్లకి నిషేధం ఉందన్న సంగతే గుర్తుకు రావడం మానేసింది. క్షేమంగా ఇంటికి చేరిన ప్రతిసారీ ఆ భయం కొంచెం కొంచెం అరిగిపోతుంది. నా అనుభవంలో అసలు కారణం ఇదే. ఆ ఉత్తర్వు కాగితం మీద ఉంటుంది, బండి మాత్రం ఇంటి ముందే ఉంటుంది, తాళం జేబులోనే ఉంటుంది. బయటి నుంచి చూసేవాడికి లైసెన్సు ఉన్నవాడూ లేనివాడూ ఒకేలా కనబడతారు. పోలీసు ఆపితే తప్ప తేడా తెలియదు, పోలీసు ఆపేది ఎప్పుడో ఒకసారి.

#3 నల్లకోటు

వకీలుగా ఇలాంటి కేసులు చూస్తుంటాను కాబట్టి ఒక మాట. "లైసెన్సు పోయినవాళ్లు" అని అందరినీ ఒకే గాటన కట్టకండి. తాగి నడిపి పోగొట్టుకున్నవాళ్లు వేరు. వేగం, సిగ్నల్ దాటడం లాంటి చిన్న తప్పులు పేరుకుని పోగొట్టుకున్నవాళ్లు వేరు. కంటిచూపు తగ్గో, మూర్ఛ వచ్చో డాక్టరు సలహాతో ఆగాల్సినవాళ్లు వేరు. అసలు రోడ్డు మీద ఏ ప్రమాదకరమైన పనీ చేయకుండా, కట్టాల్సిన సొమ్ము కట్టలేదని లైసెన్సు పోయినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో పాత జరిమానాలు, కోర్టు ఖర్చులు, పిల్లల పోషణ బకాయిలు చెల్లించకపోతే కూడా లైసెన్సు సస్పెండ్ చేసే పద్ధతి చాలా రాష్ట్రాల్లో ఉండేది. చాలాచోట్ల ఇంకా ఉంది.

ఈ చివరి రకంవాళ్ల పరిస్థితి చూడండి. డబ్బు లేక జరిమానా కట్టలేదు. అందుకు లైసెన్సు పోయింది. పనికి వెళ్తేనే డబ్బొస్తుంది, పనికి వెళ్లాలంటే బండి కావాలి. వెళ్లారు, పట్టుబడ్డారు. దానికి ఇంకో జరిమానా, నిషేధానికి ఇంకొంత పొడిగింపు. చివరికి లైసెన్సు తిరిగి రావడానికి కావలసిన మొత్తం వాళ్ల జీతంతో ఎప్పటికీ తీరనంత అవుతుంది. అప్పుడిక దాని కోసం ప్రయత్నించడమే మానేస్తారు.

తెలియక నడిపేవాళ్లు కూడా ఉన్నారు. సస్పెన్షన్ నోటీసు పాత చిరునామాకి వెళ్తుంది, మనిషి ఇల్లు మారిపోయి ఉంటాడు. మామూలు తనిఖీలో ఆపినప్పుడే తన లైసెన్సు చెల్లదని మొదటిసారి వింటాడు. మళ్లీ మళ్లీ పట్టుబడేవాళ్లకి మాత్రం ఈ మాట వర్తించదు.

#4 తెల్లగన్నేరు

మా అన్నయ్యని గుద్దినవాడి లైసెన్సు అప్పటికే రద్దయి ఉంది. గుద్ది ఆగలేదు, వెళ్లిపోయాడు. తర్వాత దొరికాడు. ఎందుకు ఆగలేదని కోర్టులో అడిగితే, ఆగితే లైసెన్సు లేదని బయటపడుతుందని భయమేసిందన్నాడు. ఆగి ఉంటే అన్నయ్య బతికేవాడని ఏ డాక్టరూ మాతో చెప్పలేదు. కానీ మా అమ్మని ఆ ప్రశ్న ఇప్పటికీ వదలదు.

వాడికీ ఉద్యోగం ఉంది, వాడికీ పిల్లలున్నారు. వాడి లాయరు అవన్నీ చెప్పాడు. నల్లకోటు గారూ, మీ మీద కోపంతో రాయడం లేదు. కానీ "అవసరం" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అవసరం అందరికీ ఉంటుంది. రోడ్డు మీద నడిచే మనిషికి ఇంటికి చేరడం కూడా అవసరమే కదా.

#5 లెక్కలమనిషి

తెల్లగన్నేరు గారూ, మీ అన్నయ్య గురించి చదివి చాలా బాధేసింది. ఆగకుండా పారిపోవడం గురించి మీరు రాసింది లెక్కల్లోనూ కనబడుతుంది. చెల్లే లైసెన్సు లేనివాళ్లు ప్రమాదం చేశాక ఆగకుండా వెళ్లిపోవడం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువని అమెరికా అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇంకో రెండు అంకెలు ఇస్తాను. లైసెన్సు సస్పెండ్ అయినవాళ్లలో 75 శాతం దాకా ఎంతో కొంత నడుపుతూనే ఉంటారని అమెరికాలో తరచుగా చెప్పే అంచనా. 1990లలో కాలిఫోర్నియా రవాణా శాఖ ప్రాణాంతక ప్రమాదాలని పరిశీలించినప్పుడు, సస్పెండ్ అయిన లేదా రద్దయిన లైసెన్సులవాళ్లు ఆ ప్రమాదాలకి కారణమయ్యే అవకాశం మామూలు డ్రైవర్ల కంటే 3.7 రెట్లు ఎక్కువని తేలింది.

అంత మాత్రాన నిషేధం దండగ అనుకోకూడదు. నిషేధంలో ఉన్నవాళ్లు మొత్తం మీద తక్కువ నడుపుతారు, రాత్రిళ్లు తగ్గిస్తారు, పోలీసు కంట పడకుండా ఉండాలని కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతారు. అందుకే వాళ్లలో చాలామంది నడుపుతున్నా కూడా, నిషేధం వల్ల ప్రమాదాలు కొంత తగ్గుతాయి. పూర్తిగా ఆపలేకపోతోంది, అంతే.

#6 రాత్రిడ్యూటీ

షిఫ్టు అయిపోయేసరికి బస్సులుండవు. మాతో పనిచేసే ఒకతని లైసెన్సు పోయింది, మేనేజరుకి చెప్పలేదు. చెబితే డ్యూటీ మార్చరు, మనిషినే మార్చేస్తారని భయం. కొన్నాళ్లు మేమే వంతులవారీగా దింపాం. తర్వాత మా షిఫ్టులు మారిపోయాయి. అతను మళ్లీ తన బండే తీశాడు. అది తప్పని అతనికీ తెలుసు. మొదటి వారంలోనే ఎవరైనా కూర్చోబెట్టి, రేపటి నుంచి పనికి ఎలా వస్తావు అని అడిగి ఒక దారి చూపించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని నాకనిపిస్తుంది. నిషేధం వేసేవాళ్లు ఎన్ని నెలలో చెబుతారు, ఆ నెలలు ఎలా గడపాలో ఎవరూ మాట్లాడరు.

#7 గేరుబాక్సు

రాత్రిడ్యూటీ గారు చెప్పింది నిజమే. కానీ నేను చూసినంతవరకు, పనికి వెళ్లడానికని మొదలైన ప్రయాణం పనితో ఆగదు. ముందు ఉద్యోగం, తర్వాత పిల్లల స్కూలు, తర్వాత సరుకులు, ఆ తర్వాత ఆదివారం ఊరికే షికారు. వీటిలో ఏదీ ఒక్కసారిగా తీసుకున్న నిర్ణయం కాదు. నిన్న నడిపాం కాబట్టి ఇవాళ కూడా నడుపుతారు.

#8 నిదానం

మద్యం మానాలనుకునేవాళ్లకి కౌన్సెలింగ్ చేస్తుంటాను. తాగి నడిపి లైసెన్సు పోగొట్టుకున్నవాళ్లని మా దగ్గరికి పంపుతుంటారు. ఇక్కడ ఇంతవరకు ఎవరూ రాయని సంగతులు రెండున్నాయి.

ఒకటి, తమకి అన్యాయం జరిగిందన్న భావన. "నేను ఎవరినీ గుద్దలేదు, దారిలో ఆపి ఊదమన్నారు, అంతే" అంటారు. పరీక్షలో వచ్చిన అంకెని ఒప్పుకుంటారు, తాను ప్రమాదకరంగా నడిపానన్నది మాత్రం ఒప్పుకోరు. శిక్ష న్యాయమైనదని నమ్మనివాడు దాన్ని పాటించాల్సిన మాటగా చూడడు. తప్పించుకోవాల్సిన ఇబ్బందిగా చూస్తాడు. దాంతో ప్రతి ప్రయాణానికీ ఒక సమర్థన తయారవుతుంది. దగ్గరే కదా, పగలే కదా, ఇవాళ తాగలేదు కదా అని. చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగుతాను, ఎందుకంటే మద్యానికి బానిసైన మనిషి విషయంలో వెళ్లేటప్పుడు తాగకపోయినా వచ్చేటప్పుడు తాగి ఉండవచ్చు. వెనక్కి ఎలా రావాలన్నది తాగిన బుర్ర తేల్చుకోవాల్సి వస్తుంది.

రెండోది సిగ్గు. లైసెన్సు పోయిన సంగతి ఆఫీసులో చెప్పరు, చుట్టుపక్కలవాళ్లకి చెప్పరు, కొందరు సొంత తల్లిదండ్రులకే చెప్పరు. చెప్పకుండా ఉండాలంటే మామూలుగా ఉన్నట్టు కనబడాలి. మామూలుగా కనబడాలంటే రోజూ లాగే బండి మీద వెళ్లాలి. పెళ్లికి వెళ్దాం, కారు తియ్యి అని మామగారు అన్నప్పుడు "నాకు లైసెన్సు లేదండీ" అనడం కంటే తాళం అందుకోవడం వాళ్లకి తేలిక. ఆ ఒక్క వాక్యం నలుగురిలో చెప్పగలిగినవాళ్లు చాలా వరకు నడపడం మానేస్తారు. ఇది నేను గమనించిన విషయం, దీనికి నా దగ్గర అంకెలు లేవు. అందుకే మొదటిసారి కలిసినప్పుడే, ఇంట్లో ఎవరెవరికి తెలుసని అడుగుతాను.

జర్మనీలో ఒక పద్ధతి నాకు నచ్చుతుంది. రక్తంలో మద్యం వెయ్యికి 1.6 వంతులో అంతకంటే ఎక్కువో ఉండి పట్టుబడితే, నిషేధం గడువు తీరినంత మాత్రాన లైసెన్సు ఇవ్వరు. వైద్య, మానసిక పరీక్ష ఒకటి దాటాలి. డాక్టరు పరీక్షతో పాటు, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇప్పుడు నీలో ఏం మారింది అని నిపుణులు ఎదురుగా కూర్చుని అడుగుతారు. తాగుడు మానేశానని చెప్పేవాడు నెలల తరబడి మూత్రం లేదా వెంట్రుకల పరీక్షలతో అది చూపించాలి. ఖర్చూ ఎక్కువే, కష్టమూ ఎక్కువే. జనం దాన్ని తప్పించుకోవడానికి పక్క దేశాలకెళ్లి లైసెన్సు తెచ్చుకునేవారు. 2009 నుంచి వర్తించిన యూరోపియన్ యూనియన్ నిబంధనలతో ఆ దారి చాలావరకు మూసుకుపోయింది.

#9 పెదబాబు

మా నాన్నగారి సంగతి వీటన్నిటికంటే వేరు. మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టరు చెప్పాక లైసెన్సు వెనక్కి తీసుకున్నారు. ఆయన ఒప్పుకున్నారు కూడా, కాగితం మీద సంతకం పెట్టారు. మర్నాడు పొద్దున్నే బండి తాళం ఏదని అడిగారు. లైసెన్సు లేదు నాన్నా అంటే ఎవరు తీసుకున్నారని మా మీదే కేకలేశారు. మళ్లీ అంతా వివరించాం. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న.

ఆయనది ధిక్కారం కాదండీ. నలభై ఏళ్లు బండి నడిపిన జ్ఞాపకం గట్టిగా ఉంది, నిన్న జరిగింది నిలవడం లేదు. పైగా తనకి జబ్బుందని ఆయనకి తెలియదు, అది కూడా ఈ జబ్బులో భాగమేనన్నారు డాక్టరు. తాళం దాస్తే వెతికేవారు. చివరికి బండి అమ్మేశాం. అమ్మిన తర్వాత అడగడం తగ్గింది, బండి కంటికి కనబడకపోవడం వల్లనుకుంటాను. ఇలాంటివాళ్లకి జరిమానా, జైలు, కౌన్సెలింగ్ ఏదీ పనిచేయదు. ఇంట్లోవాళ్లే చూసుకోవాలి. అంత గౌరవంగా బతికిన మనిషి చేతిలోంచి తాళం తీసుకోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది.

#10 కొత్తచిగురు

ఇన్ని రకాలుంటాయని నేననుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. పెదబాబు గారూ, మీరు రాసింది చదివి మా ఇంట్లో పెద్దవాళ్ల గురించి ఆలోచనలో పడ్డాను.

మరి శిక్ష పెంచితే? రెండోసారి పట్టుబడితే తప్పకుండా జైలు అంటే?

#11 లెక్కలమనిషి

శిక్ష ఎంత పెద్దదన్న దానికంటే, అది తప్పకుండా పడుతుందా అన్నదే మనిషిని ఎక్కువగా ఆపుతుంది. ఇటలీకి చెందిన న్యాయ తత్వవేత్త బెకారియా 1764లోనే ఈ వాదన చేశాడు, ఆ తర్వాత ట్రాఫిక్ నేరాల మీద జరిగిన పరిశోధనలు చాలావరకు అటే మొగ్గాయి. గేరుబాక్సు గారు చెప్పిన మనిషినే తీసుకోండి. అతను పొద్దున బండి తీసేటప్పుడు చట్టంలో ఎన్ని నెలల జైలు రాసుందో ఆలోచించడు. ఇవాళ ఎవరైనా ఆపుతారా అని ఆలోచిస్తాడు. ఆపరని అతని అనుభవం. నంబరు ప్లేటు చదివే కెమెరాలు కొంత తేడా తెచ్చాయి, కానీ కెమెరా చదివేది బండి నంబరుని. లోపల కూర్చున్నది ఎవరో దానికి తెలియదు. బండి భార్య పేరు మీదో తమ్ముడి పేరు మీదో ఉంటే కెమెరాకి అంతా సవ్యంగానే కనబడుతుంది.

బాగా పనిచేసినవి మనిషి మనసు మీద కాకుండా నేరుగా బండి మీద పడేవి. కాలిఫోర్నియాలో 1995 నుంచి, సస్పెండ్ అయిన లైసెన్సుతో నడుపుతూ దొరికితే ఆ బండిని 30 రోజులు సీజ్ చేసే చట్టం వచ్చింది. తర్వాతి ఏడాదిలో ఏం జరిగిందో చూస్తే, బండి సీజ్ కాని అలాంటివాళ్లతో పోలిస్తే, సీజ్ అయినవాళ్లలో మొదటిసారి దొరికినవాళ్లకి ప్రమాదాలు దాదాపు 25 శాతం తగ్గాయి. పదే పదే దొరికేవాళ్లకి దాదాపు 38 శాతం తగ్గాయి. కొత్తచిగురు గారు మొదట అడిగింది ఈ రెండో రకంవాళ్ల గురించే, తేడా వాళ్లలోనే ఎక్కువ కనబడింది.

తాగి నడిపినవాళ్లకి ఇంటర్‌లాక్ ఉంది. గొట్టంలో ఊది, మద్యం లేదని తేలితేనే ఇంజను స్టార్ట్ అవుతుంది. అది బండిలో ఉన్నంతకాలం మళ్లీ తాగి పట్టుబడడం మూడింట రెండొంతులు తగ్గుతుంది. తీసేశాక ఆ ఫలితం చాలావరకు పోతుంది. అందుకే నిదానం గారి లాంటివాళ్ల పని దానితో పాటే జరగాలి.

శిక్ష పెంచడం గురించి అడిగారు కాబట్టి న్యూ సౌత్ వేల్స్ సంగతి చెప్పాలి. ఆస్ట్రేలియాలోని ఆ రాష్ట్రంలో పదే పదే పట్టుబడినవాళ్లని అలవాటైన నేరస్థులుగా ప్రకటించి, ఉన్న నిషేధం మీద ఇంకో 5 ఏళ్లు వేసేవారు. అవి ఒకదాని మీద ఒకటి పడి కొందరికి దశాబ్దాల నిషేధం అయ్యింది. ఇరవై ఏళ్లలో మళ్లీ లైసెన్సు రాదని తెలిసిన మనిషి దేని కోసం ఆగుతాడు? 2017లో ఆ పద్ధతి తీసేశారు. నేరం తీవ్రతని బట్టి 2 లేదా 4 ఏళ్లు ఏ డ్రైవింగ్ నేరమూ లేకుండా గడిపితే, మిగిలిన నిషేధం ఎత్తేయమని కోర్టుని అడిగే అవకాశం ఇచ్చారు. ప్రాణం తీసినవాళ్లకి, తీవ్రంగా గాయపరిచినవాళ్లకి మాత్రం ఆ అవకాశం లేదు. అదే సమయంలో, దొరికిన చోటే నంబరు ప్లేట్లు ఊడదీసే అధికారం పోలీసులకిచ్చారు.

#12 నల్లకోటు

కాలిఫోర్నియా 2017లో జరిమానా కట్టలేదని లైసెన్సు సస్పెండ్ చేయడం ఆపేసింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. తెల్లగన్నేరు గారూ, ఈ మాట మీ కోసం రాస్తున్నాను. బకాయిల కేసులన్నీ లైసెన్సు పోయినవాళ్ల జాబితాలోంచి తీసేస్తే, రోడ్డు మీద పోలీసుకి ఉండే కాస్త సమయం మీ అన్నయ్యని గుద్దినవాడి లాంటి మనిషి మీద పెట్టడానికి వీలవుతుంది. ఆ ఇద్దరినీ ఒకే పేరుతో పిలవడం వల్ల బాధితులకి కూడా నష్టమే.

#13 తెల్లగన్నేరు

ఆ మాట ఒప్పుకుంటాను. ప్రాణం తీసినవాళ్లకి ఆ దారి లేదని లెక్కలమనిషి గారు రాసిన వాక్యం చదివాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

కానీ బండి ఇచ్చినవాళ్ల మాటేమిటి? మా కేసులో బండి వాడి బావమరిదిది. లైసెన్సు లేదని ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసే తాళం ఇచ్చారు. శిక్ష వాడొక్కడికే పడింది.

#14 నల్లకోటు

లైసెన్సు లేదని తెలిసీ బండి ఇవ్వడం చాలా దేశాల్లో విడిగా నేరమే. భారత మోటారు వాహనాల చట్టంలో 180వ సెక్షను అదే. కష్టమల్లా యజమానికి తెలుసని రుజువు చేయడం. "నాకు తెలియకుండా తీసుకెళ్లాడు" అంటారు, కుటుంబమంతా అదే చెబుతుంది. బీమా వైపు నుంచి దెబ్బ గట్టిగా తగులుతుంది. చాలాచోట్ల బీమా కంపెనీ ముందు బాధితుల కుటుంబానికి పరిహారం చెల్లించి, తర్వాత ఆ మొత్తం నడిపినవాడి నుంచో యజమాని నుంచో రాబట్టుకుంటుంది. తాళం ఇచ్చేవాళ్లకి ఈ సంగతి తెలియదు. ఇల్లూ పొలమూ అమ్మి కట్టాల్సి వస్తుందని ముందే తెలిస్తే, ఇంట్లో ఎవరో ఒకరు అడ్డుపడతారు. మీ లాయరు ఈ కోణం చూశారో లేదో ఒకసారి అడగండి. గడువు మించకపోతే ఇప్పటికైనా చూడవచ్చు.

#15 వేగుచుక్క

ఇప్పటివరకు చదువుతూనే ఉన్నాను, ఒక ప్రశ్న అడగాలనిపించింది. మా చిన్నాన్న కొడుకు నిషేధం పోయిన నెలతో అయిపోయింది. గడువు తీరింది కదా అని బండి తీస్తున్నాడు. కొత్త కార్డు ఏదీ రాలేదు. అలా నడపవచ్చా?

#16 నల్లకోటు

ఇవాళే ఆపమని చెప్పండి. తెలియకుండా మళ్లీ నేరంలో పడేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే పడతారు. గడువు తీరడం, లైసెన్సు తిరిగి రావడం చాలా దేశాల్లో రెండు వేర్వేరు విషయాలు. బ్రిటన్‌లో మళ్లీ పరీక్ష పాసవ్వాలని కోర్టు ఆదేశిస్తే, పాసయ్యేదాకా నిషేధం ఉన్నట్టే లెక్క. నెలలు అయిపోయాయన్న వాదన అక్కడ చెల్లదు. తాగి నడిపిన తీవ్రమైన కేసుల్లో వైద్య పరీక్ష కూడా ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పునరుద్ధరణ రుసుము కట్టి, బీమా రుజువు చూపించేదాకా సస్పెన్షన్ అలాగే కొనసాగుతుంది. భారత్‌లో 2019 సవరణ తర్వాత, నిషేధం ముగిశాక రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే లైసెన్సు తిరిగి ఇవ్వాలని చట్టంలో ఉంది.

అతను చేయాల్సింది, నిషేధ ఉత్తర్వు కాపీ బయటికి తీసి అందులో గడువు కాకుండా ఇంకేం షరతులున్నాయో చదవడం. తర్వాత లైసెన్సు ఇచ్చిన కార్యాలయంలో తన రికార్డు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో రాతపూర్వకంగా తీసుకోవడం. చెల్లుతుందని కాగితం చేతికొచ్చాకే తాళం ముట్టుకోమనండి. ఉత్తర్వులో రాసింది అర్థం కాకపోతే ఆ షరతుల వరకు పేర్లు తీసేసి ఇక్కడ టైప్ చేయండి, చూసి చెబుతాను.